చార్జర్ లేబుల్‌కి ప్రతిపదార్థం, తాత్పర్యం

ల్యాప్‌టాప్ చార్జర్ ఇటుకను తిరగేస్తే అడుగున సన్నటి అక్షరాలతో ఒక స్టిక్కర్ కనిపిస్తుంది. నాలుగేళ్ల బీటెక్‌లో మనం దాన్ని చదివేది మహా అయితే ఒక్కసారి, చార్జర్ పోయిన రోజు. ఆ రోజు కూడా మొత్తం చదవం. పిన్ పట్టిందా, లైటు వెలిగిందా అని చూసి డబ్బులిచ్చి వచ్చేస్తాం. మామూలు ల్యాప్‌టాప్‌కి అలా కొన్నా చాలాసార్లు నడిచిపోతుంది. గేమింగ్ ల్యాప్‌టాప్ దగ్గర ఆ పప్పులు ఉడకవు. ఎందుకు ఉడకవో, మరి ఏది చూసి కొనాలో మన భాషలో ఒకచోట రాసిపెడదామని ఈ వ్యాసం.

గేమింగ్ ల్యాప్‌టాప్ అనగానే పెద్దవాళ్లకి ఆటలే గుర్తొస్తాయి గానీ, మనలో చాలామంది కొన్నది ఆటల కోసం కాదు. మెకానికల్ వాళ్లకి ఆన్సిస్, సాలిడ్‌వర్క్స్. సీఎస్‌ఈ వాళ్లకి మోడల్ ట్రైనింగ్. మా ఈఈఈ వాళ్లకి మ్యాట్‌ల్యాబ్ సిములేషన్లు. పని అయ్యాక ఆట కూడా ఉంటుందనుకోండి, అది వేరే సంగతి.

మాది బోనకల్. ఖమ్మానికీ మధిరకూ మధ్యన రైలు పట్టాల పక్కన ఉండే మండల కేంద్రం. మిర్చి, పత్తి, వరి మీద బతికే చోటు. మా వైపు ఒక ఇంట్లో ఇలాంటి ల్యాప్‌టాప్ ఉందంటే అందులో ఒక పంట డబ్బు ఉందని అర్థం. చార్జర్ కోసం ఖమ్మం పోవాలి, అక్కడ దొరక్కపోతే విజయవాడో హైదరాబాదో. భద్రాచలం అవతలి ఊళ్ల నుంచి వచ్చే మన జూనియర్లకైతే ఖమ్మమే దూరం. కాబట్టి తప్పు చార్జర్ కొంటే పోయేది డబ్బు ఒక్కటే కాదు. రివ్యూకో, పరీక్షకో ముందు నాలుగు రోజులు పోతాయి. ఒక్కోసారి ల్యాప్‌టాప్ కూడా పోతుంది.

ఇటుక అంత బరువెందుకు?

గోడ సాకెట్‌లోంచి వచ్చేది 230 వోల్టుల ఏసీ. ల్యాప్‌టాప్‌కి కావాల్సింది 20 వోల్టులకు కాస్త అటూ ఇటూ ఉండే డీసీ. ఈ మార్పిడి అంతా ఆ నల్ల ఇటుకలోనే జరుగుతుంది. ముందు ఏసీని డీసీ చేస్తుంది, దాన్ని సెకనుకు వేలసార్లు ఆన్ ఆఫ్ చేస్తూ చిన్న ట్రాన్స్‌ఫార్మర్ గుండా కిందికి దించుతుంది, మళ్లీ నున్నటి డీసీగా మార్చి బయటికి పంపుతుంది. పవర్ ఎలక్ట్రానిక్స్‌లో మనం చదివిన ఎస్‌ఎంపీఎస్ ఇదే.

ఇక ఎంత పవర్ అనేది అసలు తేడా. వర్డ్, ఎక్సెల్, బ్రౌజర్ నడిపే ల్యాప్‌టాప్‌కి 45 లేదా 65 వాట్ల చార్జర్ సరిపోతుంది. గేమింగ్ ల్యాప్‌టాప్‌లో ప్రాసెసర్ ఒక్కటే 45 వాట్లు, అంతకన్నా ఎక్కువ కూడా తీసుకుంటుంది. గ్రాఫిక్స్ కార్డు మోడల్‌ను బట్టి ఇంకో 50 నుంచి 150. వాటి మీద స్క్రీన్, ఫ్యాన్లు, ర్యామ్, అదే సమయంలో బ్యాటరీకి ఎక్కాల్సిన చార్జింగ్. అందుకే వీటి చార్జర్లు 120, 150, 180, 230, 280, 330 వాట్లలో వస్తాయి.

"బ్యాటరీ ఉందిగా, చార్జర్ కొంచెం తక్కువైతే ఏంటి" అనే మాట హాస్టల్‌లో చాలాసార్లు విన్నాను. లెక్క వేసి చూడండి. 60 వాట్-అవర్ల బ్యాటరీ మీద 150 వాట్లు తాగే సిములేషన్ పెడితే వచ్చేది 24 నిమిషాలు. పోనీ పెద్ద బ్యాటరీ పెట్టొచ్చుగా అంటే, 100 వాట్-అవర్లు దాటిన బ్యాటరీని విమానంలో తీసుకెళ్లాలంటే ఎయిర్‌లైన్ అనుమతి కావాలి. అందుకని కంపెనీలు ఆ గీత లోపలే ఆగుతాయి. అంటే ఈ రకం ల్యాప్‌టాప్‌కి చార్జరే అసలు కరెంటు. బ్యాటరీ అనేది కరెంటు పోయినప్పుడు ఫైల్ సేవ్ చేసుకునేంత వ్యవధి.

ప్రతిపదార్థం

స్కూల్లో పద్యం చెప్పేటప్పుడు తెలుగు మాస్టారు ముందు ప్రతిపదార్థం, తర్వాత తాత్పర్యం చెప్పేవారు. లేబుల్‌ని కూడా అలాగే చదువుదాం. ఉదాహరణకి ఒక 180 వాట్ల చార్జర్ తీసుకుందాం.

ఇన్‌పుట్, 100-240 వోల్టులు, 50/60 హెర్ట్జ్: గోడ వైపు సంగతి ఇది. దాదాపు అన్ని ల్యాప్‌టాప్ చార్జర్ల మీదా ఇలాగే ఉంటుంది. మన 230 వోల్టులు, 50 హెర్ట్జ్ ఇందులోకే వస్తాయి. చార్జర్ ఎంచుకోవడంలో దీనితో పేచీ ఉండదు.

అవుట్‌పుట్, 20 వోల్టులు: ఇది ల్యాప్‌టాప్ వైపు సంగతి. ఇక్కడ రాజీ లేదు. పాత చార్జర్ మీద ఏ అంకె ఉందో కొత్తదాని మీదా అదే ఉండాలి. 19, 19.5, 20 అని మూడు రకాలు తరచుగా కనిపిస్తాయి. ల్యాప్‌టాప్ లోపల వోల్టేజిని ఇంకా కిందికి దించే సర్క్యూట్లు ఉంటాయి గనక అర వోల్టు తేడాకి సాధారణంగా కొంప మునగదు. కానీ డబ్బు పెట్టి వెతికి మరీ కొంటున్నప్పుడు సరిగ్గా ఉన్నదే కొనొచ్చుగా. రూటర్‌కి వచ్చే 12 వోల్టులది, ప్రింటర్‌కి వచ్చే 24 వోల్టులది, పిన్ పట్టినా సరే దగ్గరికి రానివ్వొద్దు.

వోల్టుల పక్కన పైన ఒక నిండు గీత, దాని కింద మూడు ముక్కల గీత ఉంటే అది డీసీ అని. ఇన్‌పుట్ దగ్గర ఉండే అల గుర్తు ఏసీ అని.

9 ఆంపియర్లు: చార్జర్ గరిష్ఠంగా ఎంత కరెంటు ఇవ్వగలదో చెప్పే అంకె. కొత్తదాంట్లో ఇది సమానంగా ఉండొచ్చు, ఎక్కువ ఉండొచ్చు, తక్కువ మాత్రం ఉండకూడదు. "ఎక్కువ ఆంపియర్లు పెడితే ల్యాప్‌టాప్ కాలిపోదా అక్కా?" అని జూనియర్లు అడుగుతుంటారు. మన వీధి చివర 100 కేవీఏ ట్రాన్స్‌ఫార్మర్ ఉంటుంది. దాని కింద మన ఇంట్లో 9 వాట్ల ఎల్‌ఈడీ బల్బు హాయిగా వెలుగుతుంది. ట్రాన్స్‌ఫార్మర్ పెద్దదని బల్బులోకి కరెంటు తోసెయ్యదు, బల్బు తనకి కావాల్సినంతే లాక్కుంటుంది. ల్యాప్‌టాప్ కూడా అంతే. వోల్టేజి చార్జర్ ఇచ్చేది, కరెంటు ల్యాప్‌టాప్ తీసుకునేది. ఈ ఒక్క వాక్యం గుర్తుంటే సగం పాఠం వచ్చినట్టే.

180 వాట్లు: 20 × 9 = 180. కొన్ని లేబుళ్ల మీద వాట్లు రాయరు, మనమే గుణించుకోవాలి. 20 × 7.5 అయితే 150. 20 × 11.5 అయితే 230. 19.5 × 16.9 అయితే దాదాపు 330. అమ్మేచోట పెద్ద అక్షరాలతో ఒక వాటేజి రాసి ఉండి, లేబుల్ మీది వోల్టులనీ ఆంపియర్లనీ గుణిస్తే అది రాకపోతే, అక్కడే ఆగిపోండి.

పార్ట్ నంబర్: అక్షరాలూ అంకెలూ కలిసి ఉంటుంది. సర్వీస్ సెంటర్‌కి ఫోన్ చేసినా, కంపెనీ వెబ్‌సైట్‌లో వెతికినా దీనితోనే సరైన చార్జర్ దొరుకుతుంది.

బీఐఎస్ రిజిస్ట్రేషన్: మన దేశంలో ఐటీ పరికరాల పవర్ అడాప్టర్లకి ఇది తప్పనిసరి. లేబుల్ మీద బీఐఎస్ గుర్తు, ఐఎస్ ప్రమాణం నంబరు, ఆర్ అక్షరంతో మొదలయ్యే 8 అంకెల నంబరు ఉంటాయి. బీఐఎస్ కేర్ యాప్‌లో ఆ నంబరు కొడితే అది ఎవరి పేరు మీద, ఏ వస్తువుకి ఇచ్చారో వస్తుంది. షాపులో నిలబడే ఒక్క నిమిషంలో చూసుకోవచ్చు.

లేబుల్ చెరిగిపోతే? ల్యాప్‌టాప్ అడుగున కూడా దానికి కావాల్సిన వోల్టులు, ఆంపియర్లు రాసి ఉంటాయి. కానీ "మా ఫ్రెండుదీ ఇదే ల్యాప్‌టాప్" అన్న ఆధారంతో కొనకండి. ఒకే పేరు మీద గ్రాఫిక్స్ కార్డు మారితే చార్జరూ మారుతుంది. లెనోవో లీజియన్ 5 అనే పేరు మీదే 170 వాట్లతో వచ్చినవి ఉన్నాయి, 230 వాట్లతో వచ్చినవీ ఉన్నాయి.

పిన్ పట్టడం వేరు, సరిపోవడం వేరు

గుడి బయట ఎవరిదో చెప్పు మన కాలికి పట్టినంత మాత్రాన అది మన చెప్పు అయిపోదు. చార్జర్ పిన్ సంగతీ అంతే.

ముందు సైజు. డెల్‌లో 7.4 మిల్లీమీటర్ల గుండ్రటి పిన్ ఒకటి, 4.5 మిల్లీమీటర్లది ఇంకొకటి. హెచ్‌పీలో లోపల నీలి రంగు ఉండే 4.5 మిల్లీమీటర్లది. లెనోవోలో పసుపు రంగు చదరపు పిన్. ఆసుస్ గేమింగ్ మోడళ్లలో 6 మిల్లీమీటర్లది. అర మిల్లీమీటరు తేడా ఉన్నా కొన్ని లోపలికి దూరతాయి, వదులుగా నిలబడతాయి. 9 ఆంపియర్లు పారే చోట వదులు ఉంటే అక్కడ వేడి పుడుతుంది. ల్యాప్‌టాప్ జాక్ నల్లబడటం అలాగే మొదలవుతుంది.

తర్వాత గుర్తింపు. డెల్, హెచ్‌పీ పిన్నుల మధ్యలో సూదిలాంటిది ఒకటి కనిపిస్తుంది చూశారా? పవర్ దాని గుండా రాదు. చార్జర్ "నేను ఇన్ని వాట్లదాన్ని" అని ల్యాప్‌టాప్‌కి చెప్పుకునే దారి అది. డెల్ చార్జర్‌లో ఇందుకోసం చిన్న మెమరీ చిప్ ఉంటుంది, ల్యాప్‌టాప్ దాన్ని ఒకే వైరు మీద చదువుతుంది. చదవలేకపోతే అడాప్టర్ ఏ రకమో తెలియడం లేదని తెర మీద చెప్పి, బ్యాటరీ చార్జింగ్ ఆపేసి, ప్రాసెసర్ వేగం తగ్గిస్తుంది. లెనోవో చదరపు పిన్‌లో ఇదే పని ఒక రెసిస్టర్ విలువతో చేస్తారు. అందుకే షాపుల్లో ఇచ్చే కన్వర్టర్ పిన్నులతో జాగ్రత్త. కన్వర్టర్ ఆకారాన్ని మారుస్తుంది గానీ చార్జర్ శక్తిని పెంచదు.

ఖమ్మంలో మూడు చార్జర్లు

ఇదంతా ఎక్కడ పనికొచ్చిందో చెప్తా. మా బాబాయి కొడుకు వేరే కాలేజీలో థర్డ్ ఇయర్. మిర్చి అమ్మిన డబ్బుతో బాబాయి వాడికి ఒక గేమింగ్ ల్యాప్‌టాప్ కొనిచ్చాడు. చార్జర్ 20 వోల్టులు, 9 ఆంపియర్లు. పోయిన ఏప్రిల్‌లో గాలిదుమారం వచ్చి కరెంటు పోయి, వచ్చి, మళ్లీ పోయింది. ఆ తర్వాత చార్జర్ లైటు వెలగలేదు. అది మంగళవారం. ఆదివారం వాడికి ఇంటర్న్‌షిప్ ఆన్‌లైన్ టెస్టు.

కొత్తది కొనే ముందు పాతది నిజంగా పోయిందా అని చూడాలి. వేరే సాకెట్‌లో పెట్టాం. గోడ నుంచి ఇటుక దాకా వచ్చే తీగ విడిగా ఊడుతుంది కాబట్టి, అలాంటిదే ఇంకోటి మార్చి చూశాం. తర్వాత మల్టీమీటర్‌ని డీసీలో పెట్టి పిన్ దగ్గర కొలిచా, సున్నా. ఇటుకే పోయిందన్నమాట. ఒకవేళ 20 వోల్టులు చూపించి ఉంటే అనుమానం ల్యాప్‌టాప్ జాక్ మీదికి వెళ్లేది. టైప్-సీ చార్జర్లని మాత్రం ఇలా కొలవకండి, పరికరం తగిలించేదాకా అవి వోల్టేజి ఇవ్వవు.

మనవాళ్లలో కొందరికి ఇటుక పగలగొట్టి చూద్దామని చేతులు దురద పెడతాయి. లోపలి పెద్ద కెపాసిటర్ మీద 230 × 1.414, అంటే 325 వోల్టులు, ఒక్కోసారి అంతకన్నా ఎక్కువ కూడా ఉంటుంది. ప్లగ్ తీశాక కూడా కాసేపు నిలిచి ఉండొచ్చు. ఇంట్లో ఆ పని వద్దు. పిన్ దగ్గర తీగ తెగితే మాత్రం పని తెలిసిన మెకానిక్ చేత, అంతే మందం తీగతో, గుర్తింపు వైరు కూడా కలిపేలా మార్పించుకోవచ్చు.

మర్నాడు ఖమ్మం వెళ్లాం. ఒక షాపులో ముందు చూపించింది 90 వాట్లది, డబ్బా నిండా కన్వర్టర్ పిన్నులు, 900 రూపాయలు. పిన్ పట్టింది, లైటు వెలిగింది. "చూశావుగా తమ్ముడూ" అన్నాడాయన వాడి వైపు తిరిగి. నేను వాడి సిములేషన్ ఫైల్ తెరిచి రన్ కొట్టా. రెండు నిమిషాలకి చార్జర్ లైటు ఆరింది. క్షణం ఆగి వెలిగింది, మళ్లీ ఆరింది. ఇవ్వగలిగినదానికన్నా ఎక్కువ లాగేసరికి చార్జర్ తనని తాను కాపాడుకోవడానికి ఆగిపోతోంది. ఆ రక్షణ ఉన్న చార్జర్ కాబట్టి ఆగింది, లేనిదైతే వేడెక్కుతూ పోయేది. "బరువు పనులు పెట్టకపోతే నడుస్తదమ్మా" అన్నాడాయన. నిజమే. కానీ బరువు పనుల కోసమేగా ఈ ల్యాప్‌టాప్ కొన్నది.

రెండోది 2,000. సరైన పిన్, లేబుల్ మీద 20 వోల్టులు, 9 ఆంపియర్లు. అన్నీ బాగున్నాయి గానీ బీఐఎస్ నంబరు లేదు. సైజు చూస్తే 65 వాట్లదానంతే ఉంది. కొత్త టెక్నాలజీతో చిన్న చార్జర్లు వస్తున్న మాట నిజమే, సైజు ఒక్కటే చూసి కాదనలేం. బిల్లు అడిగితే "బిల్లు ఉండదు, ఏమన్నా అయితే తీసుకురండి" అన్నారు. నంబరూ లేక, బిల్లూ లేక, కేవలం మాట మీద అంత కరెంటు నమ్మలేం. వద్దనుకున్నాం.

మూడోది కంపెనీదే, 5,500. తెప్పించాలి, వారం పైన పడుతుంది.

ఇంటికొచ్చి చెప్తే బాబాయి ఒక్క ప్రశ్న వేశాడు. "ఏమ్మా, 900కి లైటు వెలుగుతుంటే ఐదున్నర వేలెందుకు?" అడగాల్సిన ప్రశ్నే. ఆ డబ్బు ఎన్ని కోత కూలీలో ఆయనకి తెలుసు. నేను ఆంపియర్ల లెక్క మొదలుపెట్టి మధ్యలో ఆపేశా. "బాబాయ్, మన మోటారు ఐదు హెచ్‌పీ కదా. దానికి ఇంట్లో ఫ్యాన్ వైరు వేస్తే తిరుగుద్దా?"

"వేసిన రోజు తిరుగుద్ది. రెండో తడికి కాలుద్ది" అన్నాడు. కాసేపు ఊరుకుని, "అయితే వాడిది కూడా మోటారు లాంటిదేనంటావ్. సరే, అదే తెప్పించు" అన్నాడు.

ఈ వ్యాసం మొత్తంలో నేను చెప్పదలచుకున్నది ఆయన ఆ రెండు ముక్కల్లో చెప్పేశాడు. లైటు వెలగడం పరీక్ష కాదు. బరువు పడ్డప్పుడు నిలబడటమే పరీక్ష.

మరి ఆదివారం సంగతి?

ఇక్కడ టైప్-సీ ఆదుకుంది. ల్యాప్‌టాప్ మాన్యువల్ తీసి చూస్తే కుడి వైపు టైప్-సీ పోర్టులో 100 వాట్ల దాకా చార్జింగ్ తీసుకుంటుందని ఉంది. అన్ని గేమింగ్ ల్యాప్‌టాపుల్లో ఈ సదుపాయం ఉండదు. రెండు టైప్-సీ పోర్టులున్నా ఒకదానికే ఉండొచ్చు. మాన్యువల్ చూడకుండా నమ్మకండి.

టైప్-సీలో యూఎస్‌బీ పవర్ డెలివరీ అనే పద్ధతి ఉంది. చార్జర్, ల్యాప్‌టాప్ ముందు మాట్లాడుకుని 5, 9, 15, 20 వోల్టుల్లో ఏది కావాలో తేల్చుకుంటాయి. అందుకే ఇక్కడ వోల్టేజి తప్పే భయం తక్కువ. చాలాకాలం దీని గరిష్ఠం 20 × 5, అంటే 100 వాట్లు. 2021లో వచ్చిన 3.1 వెర్షన్ దాన్ని 48 వోల్టులు, 5 ఆంపియర్లతో 240 వాట్ల దాకా పెంచింది. అయితే చార్జర్, తీగ, ల్యాప్‌టాప్ మూడూ దానికి తగ్గవే కావాలి. 5 ఆంపియర్ల తీగలో గుర్తింపు చిప్ ఉంటుంది, ఫోన్‌తో వచ్చే మామూలు తీగ సరిపోదు. యూరోపియన్ యూనియన్ ఫోన్లకి 2024 డిసెంబర్ 28 నుంచి, ల్యాప్‌టాపులకి 2026 ఏప్రిల్ 28 నుంచి టైప్-సీ చార్జింగ్‌ని తప్పనిసరి చేస్తూ చట్టం చేసింది. కాబట్టి కొత్త మోడళ్లలో ఈ దారి పెరుగుతుంది. మన చేతుల్లో ఉన్న 180, 230 వాట్ల పాత మోడళ్లకి మాత్రం టైప్-సీ స్టెప్నీ టైరు లాంటిది. ఊరు చేరుస్తుంది, దాని మీదే రోజూ తిరగలేం.

ఎదురింటి టీచరు గారి దగ్గర 65 వాట్ల టైప్-సీ ల్యాప్‌టాప్ చార్జర్ ఉంది. అడిగి తెచ్చాం. గ్రాఫిక్స్ కార్డు పని చెయ్యకుండా ప్రాసెసర్‌లోని గ్రాఫిక్స్ మీదికి మార్చి, సైలెంట్ మోడ్ పెట్టి, వెలుతురు తగ్గించి, శనివారం రెండు గంటలు బ్రౌజర్, కెమెరా ఆన్‌లో ఉంచి చూశాం. బ్యాటరీ తగ్గకపోగా మెల్లగా పెరిగింది. ఆదివారం టెస్టు అలాగే రాశాడు. సెలెక్టయ్యాడా అని అడగకండి, నేనిది రాసేటప్పటికి రిజల్ట్ రాలేదు. చార్జర్ వల్ల మాత్రం ఆగలేదు.

కొన్నాక మొదటి అరగంట

తొమ్మిదో రోజు కంపెనీ చార్జర్ వచ్చింది. కంపెనీదైనా, వేరేదైనా, తెచ్చిన రోజే ఈ నాలుగూ చూడాలి. రిటర్న్ గడువు దాటాక చూస్తే ప్రయోజనం లేదు.

ఒకటి, ఆన్ చేసినప్పుడు అడాప్టర్ గురించి తెర మీద ఏమన్నా హెచ్చరిక వస్తోందా? రెండు, మీరు చేసే అతి బరువైన పని అరగంట నడపండి. ఆటో, రెండరింగో, ట్రైనింగో ఏదైనా సరే. చార్జర్ తగిలించి ఉండగా బ్యాటరీ శాతం పడిపోతూ ఉంటే వాట్లు చాలట్లేదని. కొన్ని మోడళ్లలో అతి వేగం మోడ్‌లో పెడితే కంపెనీ చార్జర్‌తోనే కాస్త తగ్గుతుంది. నార్మల్ మోడ్‌లో కూడా తగ్గుతుంటే అనుమానించాలి. మూడు, ఇటుక వేడెక్కడం మామూలే. కాలిన వాసన, బుస్సుమనే చప్పుడు, పిన్ దగ్గర చెయ్యి పెట్టలేనంత వేడి మామూలు కాదు. వెంటనే తీసెయ్యండి. నాలుగు, పిన్ కదిలిస్తే చార్జింగ్ పోయి వస్తోందా చూడండి.

ఇటుకని పరుపు మీద, దిండు కింద పెట్టకండి. గాలి ఆడే చోట, నేల మీదో బల్ల మీదో ఉంచండి.

మన ఊళ్ల కరెంటుతో

180 వాట్లు ఇచ్చే చార్జర్ గోడ నుంచి సుమారు 200 వాట్లు తీసుకుంటుంది. 230 వోల్టుల దగ్గర అది 0.87 ఆంపియర్లు, మామూలు 5 ఆంపియర్ల సాకెట్ చాలు. వోల్టేజి 180కి పడిపోతే పాత బల్బు మసకబారుతుంది, చార్జర్ మాత్రం అదే పవర్ కోసం 1.1 ఆంపియర్లు లాగుతుంది. లో-వోల్టేజిలో ఇటుక ఇంకాస్త వేడెక్కేది అందుకే. 100 నుంచి పనిచేసే చార్జర్‌కి ఇది పెద్ద ప్రమాదం కాదు.

ప్రమాదం పై వైపు నుంచి వస్తుంది. మూడు ఫేజుల లైనులో రెండు ఫేజుల మధ్య 400 వోల్టులు ఉంటాయి. గాలివానకి ఎక్కడన్నా న్యూట్రల్ తీగ తెగితే రెండు ఫేజుల మీది ఇళ్లు ఒకదానితో ఒకటి సిరీస్‌లో పడతాయి. తక్కువ లోడు ఉన్న ఇంట్లో వోల్టేజి 300 దాటిపోవచ్చు. 240 అని రాసిన చార్జర్ దాన్ని తట్టుకోదు. ఊళ్లో ఒకే రాత్రి నాలుగిళ్ల టీవీలు పోయాయంటే కారణం చాలాసార్లు ఇదే. ఫ్యాన్లు ఉన్నట్టుండి జోరుగా తిరిగి, లైట్లు వెలిగిపోతుంటే ముందు ప్లగ్గులు పీకండి. సర్జ్ ప్రొటెక్టర్ క్షణకాలపు పోటుని ఆపుతుంది, నిమిషాల తరబడి ఉండే హై-వోల్టేజిని ఆపలేదు. ఉరుములప్పుడు ప్లగ్ తీసెయ్యడం అన్నిటికన్నా చవకైన రక్షణ.

ఇంకో మాట. మూడు పిన్నుల ప్లగ్‌కి ఎర్త్ పిన్ విరగ్గొట్టి రెండు పిన్నుల సాకెట్‌లో పెట్టకండి. ల్యాప్‌టాప్ లోహపు భాగం ముట్టుకుంటే జివ్వుమంటుంటే ఇంటి ఎర్తింగ్ సరిగ్గా లేదేమోనని ఎలక్ట్రీషియన్‌ని పిలిచి చూపించండి.

తాత్పర్యం

వోల్టులు సమానంగా ఉండాలి. ఆంపియర్లు సమానంగానో ఎక్కువగానో ఉండాలి. పిన్ బిగువుగా పట్టాలి, ల్యాప్‌టాప్ దాన్ని గుర్తుపట్టాలి. బీఐఎస్ నంబరు, బిల్లు ఉండాలి. తెచ్చిన రోజే బరువు పెట్టి చూడాలి. డబ్బు చాలనప్పుడు తక్కువ వాట్ల చార్జర్‌తో రోజులు నెట్టే కన్నా, మాన్యువల్ ఒప్పుకుంటే టైప్-సీ మీద తేలిక పనులు చేసుకుంటూ సరైనదానికి ఆగడం మేలు.

చివరిగా ఒక చిన్న పని. మీ చార్జర్ ఇప్పుడు బాగానే ఉందిగా? దాన్ని తిరగేసి లేబుల్‌ని ఒక ఫోటో తీసి ఫోన్‌లో ఉంచుకోండి. ల్యాప్‌టాప్ అడుగున ఉన్నదాన్ని కూడా ఇంకో ఫోటో తీయండి. ఇంట్లో చెల్లి దగ్గరో తమ్ముడి దగ్గరో ఉంటే వాళ్లదీ తీయించండి. చార్జర్ పోయిన రోజు మీరు హాస్టల్‌లో ఉన్నా, ఖమ్మం బస్సులో ఉన్న మీ నాన్నకి ఆ ఫోటో పంపితే చాలు. షాపులో ఏం అడగాలో ఆయనకి తెలుస్తుంది.